నిప్పుకు నిలిచే ఉక్కు నేల ఎలా వేయాలి: భవనంలో డెక్ స్లాబు, రైలు పెట్టెలో ఫ్లోరు

డెక్ షీట్, అంటే గాడులు పెట్టిన ఉక్కు రేకు, పరచి దాని మీద కాంక్రీటు పోసే స్లాబు ఇప్పుడు మన ప్రాంతంలో కొత్త కాదు. సెంట్రింగు చెక్క, సరుగుడు బాదులు పెద్దగా అవసరం లేకుండా పని త్వరగా తెములుతుంది కనుక పెద్ద ఆఫీసు భవనాలకే కాక షోరూములకు, ఆసుపత్రుల పై అంతస్తులకు, గోదాముల్లోని మెజనైన్లకు (రెండు అంతస్తుల నడుమ వేసే సగం అంతస్తులకు) కూడా దీన్ని వేస్తున్నారు. అగ్ని ప్రమాదం మాట వచ్చినప్పుడు సైటులో ఎక్కువగా వినిపించే జవాబు మాత్రం ఒకటే: "ఇనుమే కదండీ, ఏం కాలుతుంది?" ఇనుము కాలదన్న మాట నిజమే. కానీ మంటలో నేల చేయవలసిన పనులు మూడు. మీద ఉన్న బరువుతో కూలకుండా నిలవాలి, కింది మంటనూ పొగనూ పైకి రానివ్వకూడదు, పై అంతస్తులోని సామాను అంటుకునేంతగా తాను వేడెక్కకూడదు. ప్రమాణ పరీక్షల్లో మూడో పనికి పెట్టిన హద్దు ఏమిటంటే, స్లాబు పై ముఖం వేడి సగటున 140 డిగ్రీల కన్నా, ఏ ఒక్క చోటా 180 డిగ్రీల కన్నా ఎక్కువ పెరగకూడదు.

ఈ మూడింటిలో ఏదీ ఉక్కు రేకు ఒంటరిగా చేయలేదు. ఉక్కు కరగడానికి సుమారు 1500 డిగ్రీలు కావాలి, కానీ 400 డిగ్రీలు దాటినప్పటి నుంచే దాని బలం తగ్గుతూ వస్తుంది; 600 డిగ్రీల దగ్గర సగం కూడా మిగలదు. పరీక్ష కొలిమిలో అనుసరించే ప్రమాణ రేఖ ప్రకారం వేడి అరగంటకే 842 డిగ్రీలకు, గంటకు 945 డిగ్రీలకు చేరుతుంది. పైగా వేడెక్కిన ఉక్కు సాగుతుంది. ఆరు మీటర్ల దూలం 500 డిగ్రీలు వేడెక్కితే కనీసం 36 మిల్లీమీటర్లు పొడుగవుతుంది, ఆ తోపుకు పక్క గోడలు పగలవచ్చు, బోల్టులు తెగవచ్చు. కాబట్టి నిప్పుకు నిలిచేలా చేయవలసింది రేకును కాదు. రేకు మీది కాంక్రీటు మందం, అందులోని రాడ్లు, కింది దూలాలకు వేసే పూత, అన్నిటికన్నా ఎక్కువగా స్లాబులోని ప్రతి కంతకూ ప్రతి అంచుకూ వేసే మూత, ఇవన్నీ కలిసి చేయవలసిన పని ఇది. నా అనుభవంలో స్లాబు మధ్యభాగం ఎప్పుడూ బాగానే ఉంటుంది, లోపాలన్నీ కంతల దగ్గరా అంచుల దగ్గరా బయటపడతాయి. అందుకే ఈ వ్యాసంలో ఆ భాగాలకు ఎక్కువ చోటు ఇచ్చాను.

ముందుగా గంటలు తేల్చుకోండి

డ్రాయింగు చేతికి రాగానే మీరు అడగవలసిన మొదటి ప్రశ్న, ఈ స్లాబు ఎంతసేపు నిలవాలి అన్నది. గంటా, గంటన్నరా, రెండు గంటలా అన్నది భవనం ఎత్తును బట్టి, వాడకాన్ని బట్టి నిర్ణయమవుతుంది. దానికి 2016 నాటి జాతీయ భవన నియమావళి నాలుగో భాగం ఆధారం. ఉక్కు దూలాల విషయంలో భారతీయ ప్రమాణం ఐఎస్ 800 లోని 16వ ప్రకరణం, కాంక్రీటుతో కలిసి పనిచేసే దూలాల విషయంలో ఐఎస్ 11384 మీ ఇంజినీరు దగ్గర ఉండాలి. గంటల అంకె డ్రాయింగు మీద రాసి లేకపోతే, రాయించుకున్న తరువాతే రేకుకు ఆర్డరు పెట్టండి. ఎందుకంటే కాంక్రీటు మందం, రాడ్ల లెక్క, పూత మందం అన్నీ ఆ అంకె నుంచే పుడతాయి.

ఒక ఉదాహరణతో చూద్దాం. దూలాలు మూడు మీటర్లకొకటి ఉన్నాయి, రేకు గాడి లోతు 60 మిల్లీమీటర్లు, స్లాబు గంటన్నర నిలవాలి అనుకోండి. వాలు గోడల గాడులున్న రేకుకు మామూలు కాంక్రీటు వాడితే, గట్టు (రెండు గాడుల మధ్య రేకు ఎత్తుగా ఉండే భాగం) పైన ఉండవలసిన కనీస మందం గంటకు 70, గంటన్నరకు 80, రెండు గంటలకు 95 మిల్లీమీటర్లు అని పాత బ్రిటిష్ ప్రమాణంలో ఉంది. అంటే మన స్లాబు మొత్తం మందం 60, 80 కలిపి 140 మిల్లీమీటర్లు. ఇది వేడి పైకి రాకుండా ఆపడానికి కావలసిన మందం మాత్రమేనని, బరువు లెక్క వేరుగా చూసుకోవాలని గుర్తుంచుకోండి. ఖర్చు తగ్గించుకోవడానికి పైనుంచి పది మిల్లీమీటర్లు కోద్దామని కాంట్రాక్టరు అన్నప్పుడు, ఆయన కోస్తున్నది సిమెంటును మాత్రమే కాదు, నిప్పుకు నిలిచే సమయాన్ని కూడా అని చెప్పండి.

రేకు పరచడం, స్టడ్లు వేయడం

రేకు మందం సాధారణంగా 0.8 నుంచి 1.2 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, రెండు ముఖాల మీదా కలిపి చదరపు మీటరుకు 275 గ్రాముల జింకు పూత ఉన్నది తీసుకోవడం వాడుక. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో కట్టలను బహిరంగంగా వదిలేయకుండా, కట్ట ఒక పక్కకు వాలి నీరు జారిపోయేలా పేర్చి కప్పి ఉంచండి. ఒకదానికొకటి అతుక్కుని ఉన్న రేకుల మధ్య నీరు నిలిస్తే తెల్లటి తుప్పు పట్టి పూత తినేస్తుంది.

రేకు చివర ఉక్కు దూలం మీద కనీసం 50 మిల్లీమీటర్లు ఆని ఉండాలి. చివరల్లో గాడి గాడికీ బిగించి, పక్కపక్క రేకులు కలిసే చోట స్క్రూలు వేయండి. స్లాబు అంచుల వెంట ఎడ్జ్ ట్రిమ్ (అంచుకు నిలబెట్టే మడత రేకు) పెట్టి కాంక్రీటు జారకుండా మూయాలి. ఆ ట్రిమ్‌కీ బయటి గోడకూ మధ్య మిగిలే సందును ఇప్పుడే కొలిచి రాసుకోండి, తరువాత పొగ పైకి వచ్చే దారి అదే అవుతుంది.

దూలానికీ స్లాబుకూ పొత్తు కుదిర్చేది షియర్ స్టడ్, అంటే దూలం మీద నిలబెట్టే తల ఉన్న ఉక్కు మేకు. 19 మిల్లీమీటర్ల స్టడ్‌ను రేకులోంచే కింది దూలానికి వెల్డ్ చేస్తారు. అలా చేసే చోట దూలం పై ముఖానికి పెయింటు ఉండకూడదు, తడి ఉండకూడదు, రెండు రేకులు ఒకదానిమీద ఒకటి పడకూడదు. వెల్డింగు అయ్యాక స్టడ్ మొదట్లో చుట్టూ పెట్టిన పింగాణీ గుల్లను పగలగొట్టి, స్టడ్ మొదట్లో లోహం చుట్టూ తెగకుండా ఉంగరంలా పట్టిందో లేదో ప్రతి దాన్నీ చూడండి. సుత్తితో తట్టితే బాగా పట్టిన స్టడ్ ఖంగుమంటుంది, పట్టనిది బోలుగా పలుకుతుంది. ఉంగరం ఒక పక్క లోపించి ఉంటే, లోపించిన పక్కకు ఎదురు దిక్కుగా 15 డిగ్రీలు వంగేలా సమ్మెటతో కొట్టి చూడాలి; పగలకపోతే అలాగే ఉంచవచ్చు, పగిలితే పక్కన కొత్తది వేయాలి.

రాడ్లు, మెష్: రేకు ఊడిపోయిందనుకుని లెక్క వేయండి

మామూలు రోజుల్లో ఈ రేకే స్లాబుకు అడుగు రాడ్డులా పనిచేస్తుంది. మంటలో ఆ సాయం కొద్ది నిమిషాలకే పోతుంది, ఎందుకంటే నేరుగా మంట తగిలేది దానికే. కాంక్రీటులో మిగిలిన తడి ఆవిరై రేకు వెనక చేరి, దాన్ని కాంక్రీటు నుంచి ఊడదీస్తుంది కూడా. అందువల్ల గంట దాటి నిలవవలసిన స్లాబులో, డిజైనరు లెక్క ప్రకారం ప్రతి గాడిలోనూ 10 లేదా 12 మిల్లీమీటర్ల రాడ్డు పెట్టడం మంచి పద్ధతి. ఆ రాడ్డు రేకుకు తగిలి ఉంటే ప్రయోజనం లేదు. కవర్ బ్లాకుల (రాడ్డు కింద పెట్టే చిన్న కాంక్రీటు దిమ్మల) మీద కనీసం 25 మిల్లీమీటర్ల ఎత్తున నిలబడాలి, ఎక్కువ గంటల స్లాబుకు డిజైనరు చెప్పినంత ఇంకా పైన ఉండాలి. కాంక్రీటు పోసే ముందు మీరే వంగి ఒక్కో గాడిలోకీ తొంగి చూడండి. కూలీలు నడిచినప్పుడు బ్లాకు పక్కకు జరిగి రాడ్డు అడుక్కు పడుకుని ఉండటం చాలా మామూలు.

పైన వేసే మెష్ (కడ్డీల వల) బీటలు రాకుండా ఆపడానికే అని చాలామంది అనుకుంటారు. నిప్పు విషయంలో దాని పాత్ర ఎంత పెద్దదో 1995, 1996 సంవత్సరాల్లో ఇంగ్లండులోని కార్డింగ్టన్‌లో చూశారు. పాత ఎయిర్‌షిప్ షెడ్డు లోపల ఎనిమిది అంతస్తుల ఉక్కు భవనం కట్టి, డెక్ స్లాబుల కింద నిజమైన మంటలు పెట్టారు. పూత లేని నడిమి దూలాలు 1000 డిగ్రీలు దాటి వేడెక్కి ఒంగిపోయినా అంతస్తు కూలలేదు. మధ్యలో బాగా దిగిన స్లాబును మెష్ పట్టి నిలిపింది. నులక మంచాన్ని తలచుకుంటే ఇది సులభంగా అర్థమవుతుంది: మధ్యలో నులక ఎంత దిగినా, చుట్టూ ఉన్న పట్టెలు విరగనంతవరకు మనిషి కింద పడడు. ఈ పోలికలోనే మీరు చేయవలసిన రెండు పనులున్నాయి. నులక తెగకూడదు కనుక మెష్ అతుకులు పూర్తి పొడవు, అంటే 8 మిల్లీమీటర్ల కడ్డీకి సుమారు 320 మిల్లీమీటర్లు ఉండాలి, అంచు దూలం మీద మెష్ చివర స్టడ్ల అవతలికి వెళ్లి వంగి పట్టాలి. పట్టెలు విరగకూడదు కనుక చుట్టు దూలాలకూ స్తంభాలకూ పూత తప్పనిసరి.

మన ఉదాహరణలో గట్టు పైన 80 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉంది. ప్రాపులు (కింద ఊత కంబాలు) పెట్టి పోసే స్లాబుకు ఆ కాంక్రీటు అడ్డుకోత వైశాల్యంలో 0.4 శాతం ఉక్కు కావాలంటే మీటరు వెడల్పుకు 320 చదరపు మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్ల కడ్డీలు 150 మిల్లీమీటర్లకొకటి వేస్తే 335 వస్తుంది, సరిపోతుంది.

కంతలు కాంక్రీటుకు ముందే

నేను పనిచేసిన ఒక సైటులో స్లాబు పోసిన మూడు వారాలకు ప్లంబింగు వాళ్లు వచ్చి, నాలుగంగుళాల పైపు కోసం బ్రేకరుతో పగలగొట్టారు. కిందికి వెళ్లి చూస్తే కంత దాదాపు అడుగు వెడల్పుంది, రెండు గాడుల రాడ్లు తెగి ఉన్నాయి, మెష్ కడ్డీలు పైకి వంగి ఉన్నాయి, పైపు చుట్టూ సిమెంటు సంచి గుడ్డలు కుక్కి మీద పలచగా మాలు పూసి ఉంది. పై నుంచి చూసినవాళ్లకు ఆ నేల నున్నగా, చక్కగా కనబడుతుంది. ఆ ఒక్క కంతతో అక్కడి గంటన్నర స్లాబు కొద్ది నిమిషాల స్లాబుగా మారిపోయింది. దాన్ని సరిచేయడానికి కంత చుట్టూ చతురస్రంగా కోసి, కింద కొత్త ఉక్కు ముక్కలు వెల్డ్ చేసి, రాడ్లు అతికి మళ్లీ పోయవలసి వచ్చింది.

అందుకే ప్లంబింగు, కరెంటు, ఏసీ, ఫైర్ లైను వాళ్లందరినీ కాంక్రీటుకు వారం ముందే ఒక చోట కూర్చోబెట్టి, ప్రతి కంతనూ డ్రాయింగు మీద గుర్తించండి. గుర్తించిన చోట రేకును అప్పుడే కోయవద్దు. గట్టుల మీద స్లీవు గానీ చెక్క పెట్టె గానీ నిలబెట్టి, చుట్టూ అదనపు రాడ్లు వేసి, కాంక్రీటు పోసి అది గట్టిపడ్డాకే అడుగు రేకును కోయాలి. ముందే కోస్తే తడి కాంక్రీటు బరువుకు రేకు అక్కడే మడత పడుతుంది.

కాంక్రీటు

ఈ దశలో చెప్పవలసింది తక్కువ. ప్రాపులున్నచోట అవి నిటారుగా, గట్టి నేల మీద ఉండాలి. కాంక్రీటును ఒకే చోట కుప్పగా పోయకుండా, దూలాల మీదుగా మొదలుపెట్టి పలచగా పరుచుకుంటూ పోవాలి. మందం కొలవడానికి గుర్తులు ముందే పెట్టుకోండి. గట్టు పైన 80 అన్నచోట 80 ఉందో లేదో మేస్త్రీ కంటి అంచనాకు వదలకండి. కింది ముఖం రేకుతో మూసి ఉంటుంది కనుక తడి పై ముఖం నుంచి మాత్రమే ఆరుతుంది, అందుచేత క్యూరింగు ముగిశాక కూడా టైల్సు, వినైల్ వంటివి వేయడానికి తొందరపడవద్దు.

దూలాలకు పూత

సిమెంటు లేదా జిప్సం కలిపిన వర్మిక్యులైట్ (వేడికి ఉబ్బిన తేలికైన ఖనిజం) స్ప్రే చవక, కానీ చూడటానికి గరుకుగా ఉంటుంది, ఫాల్స్ సీలింగు వెనక దాగే దూలాలకు అనువైనది. కంటికి కనబడే దూలాలకు మంటలో ఉబ్బే పెయింటు వాడతారు. మామూలుగా ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉండే ఆ పొర వేడికి ఎన్నో రెట్లు పొంగి, బొగ్గు నురగలా దూలాన్ని కప్పుతుంది. ఏది వాడినా మందం దూలాన్ని బట్టి మారుతుంది. పలచటి, తేలికైన సెక్షను త్వరగా వేడెక్కుతుంది కనుక దానికే మందం ఎక్కువ కావాలి. చిన్న దూలం కదా అని పూత తగ్గించడం సరిగ్గా తలకిందులైన ఆలోచన. స్ప్రే మందాన్ని సూదితో గుచ్చి కొలవాలి, పెయింటు మందాన్ని మీటరుతో కొలవాలి. పెయింటు కింద ఉన్న ప్రైమరు దానికి పొసగేదో కాదో కంపెనీ పట్టికలో చూసుకోండి. తీరప్రాంతంలో పై పూత తప్పక వేయించండి, లేకపోతే తేమకు ఉబ్బే గుణం చెడుతుంది.

దూలం పై ముఖానికీ రేకు గాడికీ మధ్య చిన్న సొరంగాల్లా ఖాళీలు మిగులుతాయి. చాలా సైట్లలో ఎవరి దృష్టీ పడనివి ఇవే. స్లాబుతో కలిసి పనిచేసే దూలాలకు, గంటన్నర వరకు, పూత మందం తగినంత పెంచితే వీటిని వదిలేయవచ్చు. అంతకు మించి నిలవాలంటే పూడ్చవలసిందే. నిప్పును ఆపవలసిన గోడ ఆ దూలం కిందికి వచ్చి ఆగితే మాత్రం, గంటలతో పని లేకుండా ప్రతి సొరంగాన్నీ రాతి ఉన్నితో నింపి మూయండి. గోడ ఎంత బలమైనదైనా పొగ ఆ సొరంగంలోంచి పక్క గదిలోకి వెళ్తుంది.

కంతల మూత, టార్చి పరీక్ష

రాతి ఉన్ని 1000 డిగ్రీల దాకా కరగదు. దాన్ని సందు పూర్తి లోతులో బిగువుగా కుక్కి, పైనా కిందా ఫైర్ సీలెంటు పూయాలి. డబ్బాలోంచి చిమ్మే మామూలు పసుపు నురగ చక్కగా నిండినట్టు కనిపించినా మంటలో కాలిపోతుంది, దాన్ని సైటులోకే రానివ్వవద్దు. పీవీసీ పైపు కరిగిపోయి తన మేర కంతను వదిలేస్తుంది కనుక, దాని చుట్టూ స్లాబు అడుగున ఫైర్ కాలర్ బిగించాలి. వేడికి అది లోపలికి ఉబ్బి పైపు దారిని నులిమి మూసేస్తుంది. కేబుల్ ట్రేల దగ్గర కేబుళ్ల మధ్య సందుల్లోకి కూడా సీలెంటు వెళ్లాలి. అద్దాల గోడకూ స్లాబు అంచుకూ మధ్య సందును నొక్కి పెట్టిన రాతి ఉన్నితో నింపాలి.

అంతా అయ్యాక ఒక రాత్రి పై అంతస్తు దీపాలన్నీ ఆర్పించి, కింద ఒక మనిషి చేతికి బలమైన టార్చి ఇచ్చి ప్రతి పైపు, ప్రతి ట్రే, ప్రతి అంచు వెంట మెల్లగా నడిపించండి. మీరు పైన చీకట్లో నిలబడండి. మొదటిసారి ఇలా చూసినప్పుడు, పగలు లోపం లేదనుకున్న అంచు వెంట జుట్టంత సన్నని వెలుగు గీత రెండు మీటర్ల పొడవున కనిపించింది. వెలుగు వచ్చిన ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టి, మరునాడు మూయించి, మళ్లీ చూడండి. వంకర దారుల్లోంచి వెలుగు రాకపోవచ్చు, పొగ రావచ్చు. కనుక ఇది చేతి తనిఖీకి తోడే తప్ప బదులు కాదు.

రైలు పెట్టెలో ఇదే పని

పెట్టెలో కాంక్రీటు బరువు మోయలేం. 1955లో పెరంబూరులో మొదలైన ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ పెట్టెల నుంచి ఫ్లోరుకు ఆధారం ముడతలు పెట్టిన ఉక్కు రేకు, పనివాళ్ల మాటలో ట్రఫ్ ఫ్లోరు. దాని మీద కాంప్రెగ్ బోర్డు (రెసిన్ పట్టించి నొక్కిన ప్లైవుడ్), ఆపైన వినైల్ పరుపు వస్తాయి. ఇక్కడ నిప్పు కింది నుంచీ రావచ్చు, లోపలి నుంచీ రావచ్చు. కింద బ్యాటరీలు, కన్వర్టర్లు, పట్టేసిన బ్రేకులు, డీజిల్‌తో నడిచే పెట్టె అయితే ఇంధనం ఉంటాయి. లోపలి నుంచి వచ్చినప్పుడు చంపేది ఎక్కువగా పొగ. 2003 ఫిబ్రవరి 18న దక్షిణ కొరియాలోని తేగు మెట్రోలో 192 మంది చనిపోయారు. పెట్టెల లోపలి సీట్లూ ఫ్లోరూ వంటివి అంటుకుని విషపు పొగ కక్కాయి. మన దగ్గర 2013 డిసెంబరు 28న అప్పటి అనంతపురం జిల్లా కొత్తచెరువు దగ్గర నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీలో మంటలు లేచి 26 మంది ప్రాణాలు పోయాయి. మూసి ఉన్న ఏసీ పెట్టెలో పొగకు బయటికి పోయే దారి ఉండదు.

కాబట్టి మొదట ట్రఫ్ రేకును చుట్టూ తెగని వెల్డుతో సోల్ బారుకు (పెట్టె అడుగు చట్రంలోని పక్క దూలానికి) కలపండి. రేకు కింద క్రాస్ బేరర్ల (అడ్డ దూలాల) మధ్య రాతి ఉన్ని లాంటి కాలని పొరను పెడితే, దాన్ని కింది నుంచి పలుచటి స్టెయిన్‌లెస్ రేకుతో మూసి కట్టాలి. లేకపోతే నీరు పీల్చుకుని, ట్రఫ్‌నే తుప్పు పట్టిస్తుంది. మరుగుదొడ్ల దగ్గరా తలుపుల దగ్గరా ఫ్లోరు ముందుగా తుప్పు తినడం పాత పెట్టెలు ఎరిగినవాళ్లందరికీ తెలిసినదే, తుప్పు తిన్న రేకు నిప్పును ఆపదు. పై పరుపు ఎంచేటప్పుడు మంట పాకే గుణంతో పాటు పొగ చిక్కదనం, విషవాయువుల పరీక్ష ఫలితాలు కూడా అడగండి. రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ నిర్దేశాలు, ఐరోపా ప్రమాణం ఈఎన్ 45545 చూసుకోవాలి. ఆ ప్రమాణంలో రెండో భాగం సామగ్రిది, మూడో భాగం నిప్పును ఆపే అడ్డుగోడలది. పరీక్ష పత్రం బోర్డుకు ఒకటి, పరుపుకు ఒకటి, జిగురుకు ఒకటి ఉంటే సరిపోదు, మూడూ కలిపి అతికిన ముక్క మీద చేసిన పరీక్షే అడగండి. పరుపును గోడ మీదికి నాలుగు వేళ్ల ఎత్తు మడిచి అతికితే కడిగిన నీరు అంచులోంచి దిగదు.

ఫ్లోరులోంచి దిగే కేబుళ్లకు విడివిడిగా గ్లాండ్లు (కేబుల్ చుట్టూ బిగిసే మూతలు) వేయండి. పెట్టె కుదుపుకు మామూలు సీలెంటు కొన్నాళ్లకు పగుళ్లిస్తుంది, సాగే గుణమున్నదే వాడాలి. ఓవర్‌హాల్‌కు వచ్చినప్పుడల్లా పరుపు, బోర్డు తీసిన చోట రేకును సుత్తితో తట్టి చూసి, మెత్తగా పలికిన చోట కోసి కొత్త ముక్క వేయించండి. మధ్యలో ఎవరైనా కొత్త కేబుల్ లాగితే ఆ గ్లాండును అదే రోజు మూసి, పక్కన తేదీ, మూసిన మనిషి గుర్తింపు సంఖ్య పెయింటుతో రాసి, రిజిస్టరులోనూ ఎక్కించండి. భవనంలోని ప్రతి కంత దగ్గరా ఇదే పద్ధతి పాటిస్తే, అయిదేళ్ల తరువాత ఇంటర్నెట్ వాళ్లు వైరు కోసం సీలు పొడిచినప్పుడు ఏది కొత్త కంతో, ఏది పాత మూతో చూడగానే తెలుస్తుంది.